రోజుకో నకలు

జగ్గారావు పొద్దున్నే లేచి ముందు కంప్యూటర్ స్విచ్ వేస్తాడు. తరవాత పళ్ళు తోముకుని, స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, టీ కాచుకుంటాడు. గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చే వేళకి తెర మీద బొమ్మలు ఒక్కొక్కటిగా తేలుతుంటాయి. అప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటాడు. రాయగడ రైల్వే కాలనీ వెనక వీధిలోని ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఇదే వరస. భార్య పైడితల్లి పోయాక ఆయనకి మిగిలిన కాలక్షేపం అదేనని, భక్తి పాటలేవో వింటాడని కూతురు కిరణ్మయి అనుకునేది.

ఆ రోజు ఆమె తొందర ఆమెది. బి.ఎడ్. సీటు కోసం కాలేజీల వరస పెట్టి సర్టిఫికెట్లు ఎక్కించాలి. గడువు సాయంత్రం ఐదింటితో సరి. ముందు రెండు రోజులూ సైటే తెరుచుకోలేదు. రెండుసార్లు రాస్తే గాని రాని ర్యాంకు మరి!

"ఇది నత్తకి తాత నాన్నా! ఫార్మాట్ చేయిద్దామని ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటున్నాను."

"దానికేటైందమ్మి? మెల్లగా వస్తాది. నిదానమే ప్రధానం అన్నారు."

"నిదానానికి సీటు ఇవ్వరు నాన్నా."

జగ్గారావు నవ్వాడు. ఫార్మాట్ మాట వస్తే చాలు, ఆయన నవ్వుతాడు, లేకపోతే పెరట్లోకి పోతాడు.

పదకొండింటికి కూర్చున్న పిల్ల భోజనానికి లేవలేదు. ఒక సర్టిఫికెట్ ఎక్కడానికి అరగంట. రెండోది సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే, తేరుకునేసరికి మూడున్నర. ఫోన్లో ప్రయత్నిస్తే ఆ సైటు ఫైళ్ళు తీసుకోనంది. చివరికి కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, వానలో బజారులోని నెట్ సెంటర్‌కి పరిగెత్తింది. అక్కడ ఆమెలాంటివాళ్ళు పద్నాలుగు మంది ముందే నిలబడి ఉన్నారు. ఆమె వంతు వచ్చేసరికి ఐదూ పది. తెర మీద గడువు ముగిసిందన్న ఒక్క వాక్యం మాత్రం ఉంది.

తల నుంచి నీళ్ళు కారుతూ ఇంటికొచ్చింది. జగ్గారావు తువ్వాలు తెచ్చి ఇవ్వబోతే అందుకోలేదు.

"ఏటైందమ్మి?"

"ఏడాది పోయింది నాన్నా. నీ పెట్టె తినేసింది. ఏటుంది అందులో? నా సీటు కంటే ఎక్కువైంది ఏటుందో సెప్పు!"

ఆయన తువ్వాలు మడతపెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"రేపు కొరాపుట్ కాలేజీకి ఎల్లి అడిగొస్తాను. పెద్దోళ్ళు కదా, కనికరిస్తారేమో..."

"ఎవరూ కనికరించరు! అమ్మే ఉంటే నా బాధ తెలుసుకునేది. నీకు నేను అక్కర్లేదు, ఆ డొక్కు ఉంటే చాలు!"

జగ్గారావు చేతిలోని తువ్వాలు కుర్చీ మీద పెట్టాడు. పెరట్లోకి వెళ్ళి, తీగ మీది తడిబట్టల్ని ఎందుకో తీసి, మళ్ళీ అదే తీగ మీద ఆరేసి వచ్చాడు. ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు ఎప్పటిలాగే కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుని లేచి, కూతురి కాగితాల సంచి చంకలో పెట్టుకుని మొదటి బస్సుకి కొరాపుట్ వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాక కిరణ్మయి ధనుంజయ్‌కి ఫోన్ చేసింది. పాత బస్టాండు దగ్గర రిపేరు కొట్టు అతనిది. ఒడియా మనిషైనా తెలుగు తడుముకోడు. వచ్చి, చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"మిషన్‌కి రోగమేటీ లేదు దీదీ. కడుపు నిండిపోయింది, ఊపిరి తీసుకోడానికి జాగా లేదు. ఒక్కటే వీడియో, ఏడొందల నలభయ్యొక్క కాపీలున్నాయి. అన్నీ తీసీనా?"

"ఏ వీడియో?"

అతను నొక్కాడు. తెర నిండా పైడితల్లి ముఖం. కెమెరాకి మరీ దగ్గరగా కూర్చుంది, ముక్కుపుడక కూడా మసగ్గా కనిపిస్తోంది.

"ఇనబడతందా అమ్మీ? మూడుసార్లు ఫోన్ సేసేను, ఎత్తలేదు. సదువుకుంటున్నాదేమోలే అని..."

వెనక నుంచి జగ్గారావు గొంతు: "ఇది ఫోన్ కాదే. రికార్డింగు. దానికి తరవాత పంపుదాం."

కిరణ్మయి ఆపేసింది. తేదీ చూసింది. అమ్మకి గుండె ఆగిన రోజుకి ముందు రోజు. అమ్మ పోయిన మర్నాటి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వస్తే నిన్నటికి ఏడొందల నలభై. ఇవాళ పొద్దున్నది ఇంకొకటి. ధనుంజయ్ ఆమె ముఖం చూసి, టీ తాగొస్తానని మెల్లగా లేచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమెకి బాగానే జ్ఞాపకం. హాస్టల్ స్నేహితులతో దేవమాలి కొండ మీద ఉంది. అమ్మ పేరు తెర మీద వెలిగితే, ఫోటోలు తీసుకుంటూ మూడుసార్లూ కట్ చేసింది. తరవాత నాన్న అడిగితే కొండ మీద సిగ్నల్ లేదని చెప్పింది. ఆ అబద్ధాన్ని రెండేళ్ళుగా గొంతులో ముల్లులా మోస్తోంది.

దీపాలు పెట్టే వేళకి జగ్గారావు తిరిగొచ్చాడు. బురద చెప్పులు గుమ్మంలో విడుస్తూ, "కాదన్నారమ్మి. పై ఏడు చూద్దామన్నారు" అన్నాడు. అప్పుడు తెర చూశాడు. అక్కడే నిలబడిపోయాడు.

"సూసీసేవా?"

"ఎందుకు సెప్పలేదు నాన్నా? నిన్న అన్నన్ని మాటలన్నాను. ఒక్క మాటైనా..."

"ఏటని సెప్పను? మీ యమ్మ ఎదురుసూసిన సంగతి దాని గొంతుతోనే నీ సెవిన పడితే, జన్మంతా నువ్వు కుమిలిపోతావు. ఆ ఏడుపేదో నాకొక్కడికే ఉండనీ అనుకున్నాను."

"సిగ్నల్ లేక కాదు నాన్నా. నేనే కట్ సేసేను."

"తెలుసు."

కిరణ్మయి తలెత్తింది.

"ముప్పయ్యేళ్ళు రైల్వే టెలిఫోన్లు సూసేనమ్మి. రింగు పోయి మద్దెలో తెగితే ఏటో నాకు తెల్దా? సిన్నపిల్లవి. ఎవరు అనుకుంటారు ఆ మర్నాడే అలాగవుతాదని?"

ఆమె ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"మరి ఇన్ని కాపీలెందుకు?"

జగ్గారావు సిగ్గుపడ్డాడు. "రోజూ సూస్తే అరిగిపోద్ది కదా. మన టేపులు అరిగిపోలేదా? అసలుది ముట్టుకోను. రోజుకో నకలు తీసుకుని దాన్ని సూస్తాను."

"పాత నకళ్ళు తీసీకూడదా?"

"తీసీమంటే అది అడుగుద్ది, నిజంగా తీసీమంటావా అని. మీ యమ్మని ఒకసారి సాగనంపేను. మళ్ళీ అవునని ఎలాగ నొక్కీది?"

కిరణ్మయి ఆయన చేతులు పట్టుకుంది. "ఇది అరగదు నాన్నా. లక్షసార్లు చూసినా అమ్మ ఇలాగే ఉంటుంది."

"నిజమా?" అన్నాడు. ఏడొందల రోజులుగా ఆ భయంతోనే నిద్ర లేచిన మనిషి, అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఒక్క నకలు కూడా పోకుండా అన్నిటినీ ధనుంజయ్ మర్నాడు వేరే డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు.

ఆ పై రోజు పొద్దున్న జగ్గారావు అలవాటుగా స్విచ్ వేసి స్నానానికని తువ్వాలు అందుకున్నాడు. వెనక్కి తిరిగేలోపలే తెర వెలిగింది. ఆయన ఏం చెయ్యాలో తోచక తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సీటు పోయిన దిగులు కళ్ళలో ఇంకా తడిగా ఉన్న కిరణ్మయి రెండో కుర్చీ తెచ్చి పక్కన వేసింది. హెడ్‌ఫోన్ తీసేసింది.

పైడితల్లి గొంతు ఇల్లంతా వినబడింది. పచ్చ చుడీదార్ చంకలో చిరిగితే కుట్టిందట. పరీక్షలయ్యాక వస్తే ముక్కలపులుసు పెడుతుందట. చివర్లో ఆమె కెమెరాకి ఇంకా దగ్గరగా వంగింది.

"ఉంటాను మరి. ఇది సూసినాకే ఫోన్ సెయ్యి అమ్మీ. తొందరేటీ నేదు. నేనెక్కడికి పోతాను?"

కిరణ్మయి తెర మీద చెయ్యి ఆనించింది.

"సూసేనమ్మా" అంది.