పొగమంచుకు పలికిన పెట్టె

"ఆగండి! దాన్ని అలా ఈడ్చకండి!"

కారు తలుపు వేయడం కూడా మరిచి లోవీసా వానలో పరుగెత్తింది. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చెక్క ఇంటి వరండాలో ఒక పొడుగాటి యువకుడు పాతకాలపు గ్రామఫోన్ పెట్టెను గడప మీదుగా ఈడుస్తున్నాడు. బల్ల మీద పెట్టుకునే చిన్న రకం కాదది. భోషాణమంత ఉంది. ముందు రెండు తలుపులు, పైన మూత, పక్కన తిప్పే హ్యాండిల్.

"మీరెవరండీ?"

"డులూత్ పట్నంలోని వేలం షాపు నుంచి వచ్చాను. ఐనార్ అంటే మీరే కదా? రమ్మని ఫోన్ చేశారుగా!"

"నేనే. పట్టుకుపోండి. ధర కూడా అడగను."

"ధర అడగనివాళ్ళు రెండు రకాలండీ. బాగా డబ్బున్నవాళ్ళు, దొంగసొత్తు అమ్మేవాళ్ళు. మీరు ఏ రకం?"

అతను నవ్వలేదు. "భయపడ్డ రకం" అన్నాడు మెల్లగా.

లోవీసాకు నవ్వాగలేదు. "ఇంత మనిషి, పెట్టెను చూసి భయమా?"

"పెట్టెను చూసి కాదు పిల్లా!" లోపలి నుంచి ఒక ముసలి గొంతు అందుకుంది. "అందులోంచి పలికే మా ఆయన్ని చూసి. ఒరేయ్ ఐనార్, మీ తాతను వానలో నిలబెడతావురా? లోపలికి తీసుకురా!"

ఐనార్ నాయనమ్మ సెల్మా ఆవిడ. చేపల కూర గరిటె చేతిలోనే ఉంది. మనవడు, వేలం పిల్ల చెరో పక్కా పట్టి పెట్టెను మళ్ళీ కిటికీ దగ్గరకు చేర్చేదాకా ఆ గరిటె దించలేదు.

కాఫీ తాగుతూ సెల్మా అవ్వ చెప్పుకొచ్చింది. ఆమె భర్త టోర్గేర్ పడవలు చేసేవాడు. ఒక శరత్కాలంలో వలలు తీయడానికి వెళ్ళి, పొగమంచులో దారి తప్పి తిరిగి రాలేదు. అప్పటినుంచి సరస్సు మీద మంచు దిగిన రోజున, ఎవరూ కీ తిప్పకుండానే, రికార్డు తిరగకుండానే పెట్టె మూలుగుతుంది.

"అవ్వ దాని ముందు కూర్చుని కబుర్లు చెబుతుందండీ" అన్నాడు ఐనార్ తల వంచుకుని. "అది బదులు పలుకుతుంది. నేనూ విన్నాను. అందుకే..."

లోవీసా మాట మార్చి పనిలో పడింది. మూత ఎత్తి, టార్చి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది.

"మూత కింద పెద్ద కంపెనీ బిళ్ళ ఉంది చూశారా? ఇది అబద్ధం. ఆ కంపెనీ బిళ్ళకు రెండు మేకులుంటాయి, ఇక్కడ నాలుగు రంధ్రాలున్నాయి. మోటారు ఇంకెవరిదో. ముల్లు పట్టుకునే చేయి మరొకరిది."

"అంటే నకిలీయా?"

"ఆగండి మరి!" ముందు తలుపులు తెరిచి చేయి లోపలికి పెట్టింది. ఆమె ముఖం మారిపోయింది. "పాట బయటికొచ్చే ఈ బాకా చూడండి. కంపెనీలు రేకుతోనో అట్టతోనో చేసేవి. ఇది దేవదారు చెక్క. సన్నని బద్దలు ఒకదానికొకటి అతికి, పడవ అడుగులా వంచారు. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు."

"మా ఆయన చేతిపని" అంది అవ్వ, ఎవరో తన అందాన్ని మెచ్చుకున్నట్టు.

అప్పుడే కిటికీ బయట సరస్సు కనబడకుండా పోయింది. వాన ఆగి, తెల్లటి మంచు గడ్డి మీదుగా పాకుతూ వచ్చింది. పెట్టెలోంచి సన్నగా, దూరంగా ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక మూలుగు.

లోవీసా రికార్డు తిరిగే పలక మీద చేయి వేసింది. కదలడం లేదు. ముల్లు దేనికీ తగలడం లేదు. ముల్లు అదురును పాటగా మార్చే సౌండ్ బాక్సులోని అభ్రకం బిళ్ళ మీద వేలు ఆనించింది. మంచుముక్కలా చల్లగా ఉంది, వణుకుతోంది.

"ఒడ్డున ఓడలకు మోగించే మంచుబాకా ఉందేమో. దాని అదురు తగిలి..."

"దాన్ని ఎప్పుడో పీకేశారు" అన్నాడు ఐనార్.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. భయం వేసింది. పెట్టెను మాత్రం వదలబుద్ధి కాలేదు.

"బాగుచేయకుండా వేలానికి పెట్టలేం" అని మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మోటారులో ఎండిన గ్రీజు గీకడానికి వారమెందుకో ఐనార్‌కు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యమూ చాల్లేదు.

"చేప బాగా తింటోందిరా ఈ పిల్ల" అనేది అవ్వ. "ముళ్ళున్న చేపను ఓపిగ్గా తినేవాళ్ళు నీలాంటివాణ్ణి కూడా భరించగలరు."

"అవ్వా!"

"పోనీలెండి, ముల్లు తీయడం నాకు అలవాటేగా" అనేది లోవీసా, గ్రామఫోన్ ముల్లు ఎత్తి చూపిస్తూ. ఐనార్ చెవులు ఎర్రబడేవి.

ఒక మధ్యాహ్నం ఐనార్ వలలు తీయడానికి వెళ్ళాడు. పడవ కనుమరుగైన కాసేపటికే మంచు దిగింది. అలాంటి మంచును లోవీసా ఎన్నడూ చూడలేదు. వరండా మెట్లు కూడా కనిపించలేదు.

పెట్టె మూలిగింది. ఈసారి సన్నగా కాదు. గది అద్దాలు గలగలలాడాయి.

అవ్వ లేచి నిలబడింది. "ఆ రోజు కూడా ఇలాంటి మంచే పిల్లా..."

లోవీసా ఇంకేమీ ఆలోచించలేదు. కిటికీలన్నీ బార్లా తెరిచింది. పెట్టెను సరస్సు వైపు తిప్పి, తలుపులు తీసి, అన్నిటికన్నా లావు ముల్లు బిగించింది. గట్టిగా బాకాలూదే ఒక బ్యాండు రికార్డు పెట్టి కీ తిప్పింది. చెక్కబాకా నోరు తెరిచినట్టు ఇల్లంతా మార్మోగి, పాట నీళ్ళ మీదికి వెళ్ళింది.

పాట అయిపోతే మళ్ళీ మొదలు. భుజం లాగేస్తోంది. ఐనా తిప్పింది. ఉన్నట్టుండి లోపల ఫెళ్ళుమని స్ప్రింగు తెగింది. హ్యాండిల్ వదులుగా గిర్రున తిరిగింది. పలక ఆగిపోయింది.

నిశ్శబ్దం. మూలుగు కూడా లేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని మంచులోకి చూస్తూ నిలబడిపోయారు. లోవీసా గొంతు చించుకుని అతని పేరు పిలిచింది. తెల్లటి మంచు ఆ పిలుపును మింగేసింది.

చాలాసేపటికి రేవు దగ్గర చెక్కకు పడవ తగిలిన చప్పుడు.

ఐనార్ నీళ్ళోడుతూ లోపలికి వచ్చాడు. "పాట వినబడకపోతే రాళ్ళ మీదికి పోయేవాణ్ణి. దిక్సూచి కూడా పనిచేయలేదు. రేవు తాడు చేతికి దొరికేదాకా పాట ఆపలేదు నువ్వు. చేతులు ఏమైపోయి ఉంటాయి?"

లోవీసా అవ్వ వైపు చూసింది. అవ్వ వదులైపోయిన హ్యాండిల్ వైపు చూసింది.

"అది ఎప్పుడో ఆగిపోయింది ఐనార్" అంది లోవీసా మెల్లగా. "సగంలోనే."

అతను పెట్టెను చూశాడు. ఈసారి అతని ముఖంలో భయం లేదు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క మీద అరచేయి ఆనించి ఉండిపోయాడు.

స్ప్రింగు మార్చాక కూడా ఎన్నో మంచులు దిగాయి. పెట్టె తనంతట తాను మళ్ళీ పలకలేదు. మొదటి రెండుసార్లు అవ్వ దాని ముందు కుర్చీ వేసుకుని కాచుకుంది. మూడోసారి కుర్చీ తీసి వంటింట్లో వేసుకుంది.

"మా ఆయన ఇంటికి చేరాడు" అంది, కళ్ళు తుడుచుకుని.

ఆ సాయంత్రమే, వలల వాసనతో, తడి బూట్లతో ఐనార్ లోవీసా ఎదుట నిలబడ్డాడు. "నేను... అంటే, నువ్వు డులూత్ వెళ్ళిపోకుండా... నన్ను..."

"చెప్పరా, చెప్పు! ముళ్ళు మింగినట్టు అలా నిలబడితే ఎలా?" వంటింట్లోంచి అవ్వ కేకేసింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను" అంది లోవీసా, అతను మాట పూర్తిచేసీ చేయకముందే.

"సరే. వెళ్ళి బట్టలు మార్చుకురా" అంది అవ్వ, మూడో కంచం బల్ల మీద పెడుతూ. "ముద్దులూ గిద్దులూ పొడి బట్టల్లోనే. నా నేల తడపొద్దు."