బానెట్ మీద చీతా, రేడియోలో చిరుత

"వలేరియా మన మనిషి కాదు లేషాన్. రెండు వైపులా తింటోంది."

మారా అభయారణ్యం గేటు దగ్గర చాయ్ తాగుతూ చెబెట్ మేడం ఆ మాట అనేసరికి లేషాన్‌కి చపాతీ గొంతులో అడ్డం పడింది. వన్యప్రాణి నిఘాలో ఆవిడ బాస్, ఇతను ఏజెంటు. వలేరియా అంటే ఆ అందాల ఫొటోగ్రాఫరే. ఇన్నాళ్లూ కొమ్ములమ్మే విదేశీ ముఠా కబుర్లు వీళ్లకి మోసిన మనిషి.

"ఆమె కెమెరాలో చిప్ ఉంది. ఏ ఖడ్గమృగం ఎక్కడ తిరుగుతోందో మొత్తం అందులోనే. కాసేపట్లో ఇక్కడి రన్‌వే మీద ముఠా విమానం దిగుతుంది. చిప్ ఎగిరిపోయిందా, మారాలో ఒక్క ఖడ్గమృగం కూడా మిగలదు."

"పట్టేస్తా మేడం."

అనడం తేలికే. సఫారీ డ్రైవరు వేషంలో వ్యానేసుకుని బయల్దేరాడా, మొదటి మలుపులోనే ఏనుగుల మంద. పెద్దావిడ రోడ్డుకి అడ్డంగా నిలబడి చెవులాడిస్తోంది. హారన్ కొడితే వ్యాను అప్పడమే.

"తల్లీ, దేశం పనమ్మా, జరుగు!"

అది తీరిగ్గా గడ్డి పీక్కుంది.

అది కదిలాక వాగు దగ్గర ఇంజను వేడెక్కి ఆగితే, కిటికీలోంచి ఓ బబూన్ కోతి చెయ్యి పెట్టి శాటిలైట్ ఫోన్ లాక్కుపోయింది. చెట్టెక్కి కొరికి చూసి, రుచి నచ్చక నీళ్లలో పారేసింది.

చివరికి రన్‌వే కనిపించే గుట్ట మీద వ్యాను ఆపి బైనాక్యులర్స్ తీశాడు. ధబ్! బానెట్ మీదకి ఓ చీతా దూకి కాళ్లు చాపి పడుకుంది. జంతువు బండి మీదుంటే బండి కదపకూడదు. ఆ రూలు పెట్టించింది వీళ్ల ఆఫీసే! కదిపితే అది సఫారీ కోసం తెరిచిన టాప్‌లోంచి ఒళ్లోకే దిగుతుంది.

"నీకు ఈ బానెట్టే దొరికిందా?"

కింద రన్‌వే పక్కన వలేరియా జీపు. ఆకాశంలో విమానం మోత.

మిగిలింది డ్రైవర్ల రేడియో ఒక్కటే. నిజం చెబితే వలేరియా కూడా వింటుంది. లేషాన్ పళ్లు కొరికి, మారాలో ఏ డ్రైవరూ చెయ్యని పాపం చేశాడు.

"అన్నలూ, రన్‌వే మధ్యలో ఆడ చిరుత! నోట్లో పిల్ల!"

చిరుత కనబడడమే అరుదు. చిరుతంటే చాలు, మారాలో తింటున్నవాడు కూడా కంచం వదిలి స్టీరింగ్ పడతాడు. నలుమూలల నుంచీ దుమ్ము లేపుకుంటూ వ్యాన్లన్నీ వచ్చి రన్‌వేని నింపేశాయి. వలేరియా కూడా అలవాటు కొద్దీ కెమెరా ఎత్తి అటూ ఇటూ వెతికింది. నేలని తాకబోయిన విమానం గుర్రుమంటూ పైకి లేచి అటే పోయింది. వ్యాన్ల మధ్య ఇరుక్కున్న ఆమెకి చెబెట్ మేడం వచ్చి బేడీలు వేసింది.

చెబెట్ మేడం రేడియోలో నవ్వింది. "సరిగ్గా ఆ రన్‌వే మీదే చిరుతా? అలా దొంగ చిరుతని పిలిచే డ్రైవరు మారాలో లేడయ్యా. నువ్వేనని అప్పుడే బయల్దేరా. చిప్ దొరికింది."

మధ్యలో ఓ ముసలి డ్రైవరు దూరాడు. "ఒరేయ్ అబద్ధాలకోరూ! ఇంక నిన్ను సింహం తింటున్నా మేం రాం!"

"వాడి గోలకేం గానీ, మిషన్ అయిపోయింది. ఇటొచ్చెయ్," అంది మేడం.

లేషాన్ బానెట్ వైపు చూశాడు. చీతా ఆవులించి ఇంకో పక్కకి తిరిగింది.

"నేను రెడీయే మేడం. ఈవిడ లేవాలిగా!"