పుక్కిలించిన నీళ్లు

పొద్దున్నే కోడలు జగ్గు కడిగి, కొలిచి లీటరు నీళ్లు పోసి, అత్తగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. అత్తగారి గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతోంది. రోజుకి లీటరు దాటకూడదనీ, పాలు, టీ, జావ అన్నీ అందులోకే వస్తాయనీ ఆసుపత్రి నర్సు చెప్పి పంపింది. పద్ధతీ ఆవిడే నేర్పింది. మనిషి వేరే ఏది తాగినా, అంత నీరు జగ్గులోంచి తీసి పారబొయ్యాలి. జగ్గు ఖాళీ అయితే ఆ రోజుకి సరి.

అత్తగారు టీ తాగింది. కోడలు కప్పుడు నీళ్లు తీసి కిటికీలోంచి మొక్కలకి పోసింది. కాసేపటికి అత్తగారు పంపు నీళ్లతో నోరు పుక్కిలించి బేసినులో ఉమ్మింది. కోడలు మళ్లీ కప్పు ముంచింది.

"ఉమ్మేశాను కదే!"

"నోట్లోకి వెళ్లాయి కదత్తయ్యా."

ఉమ్మేసినవి లెక్కలోకి రావని నర్సు చెప్పింది. కోడలికి ఆ మాట బాగానే గుర్తుంది. నోరెండిపోయే మనిషి, పుక్కిలించకుండా ఉండలేదు. పుక్కిలిస్తే తాగేవి తగ్గుతాయి. పొద్దు వాలకముందే జగ్గు అడుగంటేది. అచ్చాఫీసు నుంచి వచ్చిన భర్త ఖాళీ జగ్గు చూసి, "అమ్మని భలే పద్ధతిగా చూస్తున్నావు" అనేవాడు. ఆమె తల వంచుకుని కూరలు తరిగేది.

పెళ్లయిన కొత్తలో ఆమె తండ్రి వైద్యానికని వచ్చి ఈ గదిలోనే పడుకున్నాడు. పక్కకి తిరగలేని మనిషి. "చీకటి పడ్డాక ఆయనకి నీళ్లివ్వకు, పరుపు పాడవుతుంది" అంది అత్తగారు. కొత్త కోడలు ఎదురు చెప్పలేకపోయింది. తండ్రి నాలుకతో పెదాలు తడుపుకుంటూ కూతురి వైపే చూసేవాడు. ఇంటికి తీసుకెళ్లిన కొన్నాళ్లకే పోయాడు. ఇప్పుడు అత్తగారు అలాగే పెదాలు తడుపుకున్నప్పుడల్లా ఆమెకి కడుపు చల్లబడేది.

ఆ రోజు ఆడపడుచు వచ్చింది. బట్టలు కుడుతుంది ఆ పిల్ల. తల్లి పుక్కిలించడం, వదిన కప్పు ముంచడం గుమ్మంలోంచే చూసింది.

"ఏంటొదినా! పొద్దస్తమానం కత్తెర పట్టుకునే నేనే ఇంత పిసినారిగా కత్తిరించను. ఉమ్మేసిన నీళ్లకి కూడా కోతేనా?"

"అంత ప్రేముంటే మీ ఇంటికి తీసుకుపోవమ్మా."

"మాట మార్చకు. అన్నయ్య రానీ, చెప్తా."

"చెప్పు. మా నాన్న ఇక్కడ గుక్కెడు నీళ్లకి ఎలా చూశాడో అది కూడా చెప్పు!"

ఆ సంగతి ఆడపడుచుకి తెలియదు. విసవిసా వంటింట్లోకెళ్లి పెద్ద చెంబు నిండా నీళ్లు తెచ్చింది. "తాగమ్మా, కడుపు నిండా తాగు."

కోడలు ఒక్క అంగలో వచ్చి చెంబు పట్టుకుంది. "వద్దు! ఇవన్నీ ఒక్కసారి తాగితే ఊపిరాడదు. చచ్చిపోతుంది!"

ఆ మాట అన్నాకే ఆమెకి తట్టింది. ఇన్నాళ్లూ పారబోసినవన్నీ ఇప్పుడు తిరిగి ఇద్దామన్నా ఆ గుండె పట్టదు. కోసిన ఏ పూటనీ మళ్లీ అతికించడం తన వల్ల కాదు.

"దాన్నేం అనకే," అంది మంచం మీంచి అత్తగారు, కూతురితో. "వాళ్ల నాన్నకి నీళ్లివ్వొద్దన్నది నేను. పరుపు కోసం. పుక్కిలించినందుకు ఇది మొదటి కప్పు పారబోసినప్పుడే నాకర్థమైంది."

"మరి అన్నయ్యకి చెప్పలేదేం?"

"చెప్తే, నేను చేసింది కూడా చెప్పాలిగా."

ఆడపడుచు చెంబు కింద పెట్టి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "పరుపు ఎండలో వేస్తే ఆరేది. ఆ మాత్రం తోచలేదు నాకు. నన్ను క్షమించమనట్లేదు. దాహంగా ఉందే అమ్మాయ్."

ఆవిడ అలా అడగాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూసింది కోడలు. అడిగింది. కడుపేమీ చల్లబడలేదు. పుక్కిలించినందుకని పొద్దుట్నుంచీ ఎన్ని కప్పులు తీసిందో అన్ని కప్పుల నీళ్లు కొత్తగా కొలిచి జగ్గులో పోసింది. గ్లాసులోకి వంచుకుని మంచం మీద కూర్చుంది.

"నిన్నటివీ మొన్నటివీ ఇవ్వలేనత్తయ్యా. ఇవాళ్టివి మాత్రం పూర్తిగా మీవి. మెల్లిగా తాగండి."

అత్తగారు ఒక గుక్క తాగి, ఆగింది. "కోపం పోయిందా?"

"లేదు."

"ఉండనీ. గ్లాసు తియ్యకు."

కోడలికి కళ్లు నిండి నీళ్లు చెంపల మీదికి కారాయి. ఒక చెయ్యి ముసలావిడ తల కింద, రెండోది గ్లాసుకి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.