పక్షుల పండక్కి రెండో ప్రయాణం

పృథ్వీరాజ్ విజిల్ ఊదాడు. అంతే, ఎవరో చెయ్యి చాపి ఆ విజిల్ కాస్తా లాగేసుకున్నారు.

"ఏటండీ, బుద్ధుందా మీకు? పురిటాళ్ళున్న సోట విజిలేస్తారేటి?"

లాక్కున్నది ఒక అమ్మాయి. మెడలో వాలంటీర్ బ్యాడ్జీ, ఎండకి తలమీద చున్నీ, ముక్కు చివర కోపం. పృథ్వీరాజ్ చుట్టూ చూశాడు. తను వెంటబెట్టుకొచ్చిన స్కూలు పిల్లలు తప్ప పురిటాళ్ళెవరూ కనబడలేదు.

"ఎక్కడున్నారండీ పురిటాళ్ళు?"

ఆమె వేలు పైకి చూపించింది. చింతచెట్ల నిండా గూళ్ళు. గూళ్ళ నిండా ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. విజిల్‌కి బెదిరి సగం లేచిపోయి చెట్టుచుట్టూ తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి పృథ్వీరాజ్ ఇస్త్రీ చొక్కా మీద రెట్టేసి మరీ వెళ్ళింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"దీవించీసింది లెండి మిమ్మల్ని," అంది.

అది 2016 ఫిబ్రవరి. టెక్కలి దాటాక గున్నవలసలో పక్షుల పండగ. పృథ్వీరాజ్ ఆమదాలవలసలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారు. ఆమె యమున. ఆ ఊరి రైతు జగన్నాధం కూతురు. డిగ్రీ అయిపోయి ఇంటిపట్టునే ఉంటూ, పండక్కి వచ్చిన పిల్లలకి పక్షుల్ని చూపిస్తోంది.

ఊరి పద్ధతి ఆమే చెప్పింది.

"ఇవి మా ఆడపిల్లలండి. పురిటికి పుట్టింటికొస్తాయి. వచ్చిన కాణ్ణుంచి ఎల్లీదాకా ఊళ్ళో టపాసుండదు, మైకుండదు. గట్టిగా దెబ్బలాడుకోడం కూడా ఉండదు."

"మరి మీరిందాక నాతో దెబ్బలాడేరు కదా?"

"గట్టిగా ఆడేనేటి?"

ఆ రోజంతా ఆమె పిల్లలకి పక్షుల్ని చూపిస్తే, అతను ఆమెని చూశాడు. ఎన్ని రకాల పక్షులు చూశారో రాయమని పిల్లలకి చెప్పి, తను ఒక్కటీ రాయకుండా బస్సెక్కాడు.

విజిల్ తిరిగివ్వమనే వంకతో మొదటి ఫోన్ వెళ్ళింది. ఇవ్వననే వంకతో రెండో ఫోన్ వచ్చింది. ఆ తర్వాత వంకలతో పని లేకపోయింది. శ్రీముఖలింగం జాతరలో ఒకసారి, టెక్కలి బస్టాండులో వానకి తడుస్తూ ఇంకోసారి కలిశారు. వానలో ఒకే గొడుగు. పేరుకే గొడుగు, ఇద్దరూ తడిశారు. ఏ మాటకి ఆ మాటే చెప్పుకోవాలి, వాళ్ళ ప్రేమంతా వేళాకోళంలోనే నడిచింది. సూటిగా ఒక్క మాట అనుకున్నది లేదు.

సూటిగా అడగాల్సి వచ్చినప్పుడు యమునే అడిగింది.

"మా నాన్నతోటి మాటాడ్డానికి ఎప్పుడొస్తావు మాస్టారూ?"

"అమ్మ ఒప్పుకోవాలి కదా. వచ్చే నెల చూద్దాం."

అమ్మంటే సుభద్రమ్మ. చీపురుపల్లి దగ్గర గోగూ వరీ పండించుకునే ఇల్లు. భర్త పోయాక కొడుకుని ఒక్కర్తే పెంచింది. "మన కులపోళ్ళు కారు, మరింక ఆ మాటెత్తకు," అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పృథ్వీరాజ్ మళ్ళీ ఎత్తలేదు కూడా. తల్లితో గట్టిగా మాట్లాడ్డం చేతకాని మనిషి. అందుకని వచ్చే నెల కాస్తా ఆ పై నెలయింది, దసరా దాటింది, కార్తీకమూ దాటింది.

డిసెంబర్లో యమున ఫోన్ చేసింది.

"నాన్నకి ఒంట్లో బాగుండట్లేదు. తొందర పెడతన్నారు. ఈ మాఘం దాటితే నానుండను."

"ఎక్కడికెళ్తావేటి, మీ పక్షుల్లా సైబీరియాకా?"

ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. అలిగింది కాబోలనుకున్నాడు మన మాస్టారు. ఇంతకు ముందు అలకలన్నీ తీరాయి కదా, ఇదీ తీరుతుందనుకున్నాడు.

కొడుకు అన్నం కెలికి లేచిపోవడం సుభద్రమ్మ చూస్తూనే ఉంది. అతను స్నానానికెళ్ళినప్పుడు ఫోన్లో ఆ పిల్ల ఫోటో చూసింది. ఆ మర్నాడూ చూసింది. ఒక ఆదివారం పొద్దున్న ఉన్నట్టుండి అంది:

"ఆ పక్షుల పండక్కి మళ్ళీ పిల్లల్ని తీసుకెల్తావు కదా. నానూ వస్తాను. సీర కొనీసేను."

"చీరెవరికే?"

"నీకేట్రా! నా కోడలికి."

పృథ్వీరాజ్ తల్లిని పట్టుకుని గిర్రున తిప్పేశాడు. యమునకి ఫోన్ కలవలేదు. పోనీలే, ఎదురుగా నిలబడే చెబుదాం అనుకున్నాడు. పండగ మూడు రోజుల్లోనే ఉంది.

బస్సులో సుభద్రమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో చీర సంచీతో. అయిదో తరగతి రాణి వచ్చి పక్కన చేరింది.

"మామ్మా, మీరెందుకొస్తన్నారు?"

"కిందటేడు పక్షుల్ని సూపించిన మేడమ్ లేదూ? ఆవిణ్ణి మీ సార్‌కిమ్మని అడగడానికి."

బస్సంతా ఒకటే గోల. పృథ్వీరాజ్ సిగ్గుతో కిటికీలోంచి తల బయటపెట్టాడు, డ్రైవర్ చేత తిట్లు కూడా తిన్నాడు.

గున్నవలసలో ప్రతి గుమ్మానికీ మామిడి తోరణం, ప్రతి వాకిట్లో ముగ్గు, వీధి వీధికీ పందిరి. ఊరంతా పండగే. చెట్లకింద యమున మాత్రం లేదు. బ్యాడ్జీ పెట్టుకున్న ఇంకో అమ్మాయిని అడిగితే, "యమునక్కా? ఇంటికాడున్నాది. పిల్లల్నీ తీసుకెల్లండి. ఈరోజు అందరికీ భోజనాలక్కడే," అంది గొంతు తగ్గించి.

అరవడానికి వీల్లేక పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిశ్శబ్దంగా రైలుబండిలా నడిచారు.

జగన్నాధం ఇంటి ముందు పందిట్లో బంతి సాగుతోంది. వడ్డించేవాళ్ళు వడ్డిస్తున్నారు, తినేవాళ్ళు తింటున్నారు, మాటలన్నీ గుసగుసలే. బక్కచిక్కిన పెద్దాయన ఎదురొచ్చి చేతులు జోడించాడు. ఆయనే జగన్నాధం.

"రండి, రండి. కూకోండమ్మా. పిల్లలూ, కూకోండి."

"ఎంత మర్యాదో సూడు," అంది సుభద్రమ్మ కొడుకు చెవిలో. "తిన్నాక అడుగుదుము."

ఆకుల్లో బూరెలు పడ్డాయి. రాణి రెండోది కొరుకుతుండగా ఇంట్లోంచి యమున వచ్చింది. పసుపు చీర, నుదుట బాసికం, మెడలో కొత్త తాడు. ఆమె కొంగు పక్కనున్న కుర్రాడి కండువాకి ముడేసి ఉంది.

పక్షులున్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో పెళ్ళికి బాజా ఉండదు. మేళముండదు, మైకులో పాటుండదు. పంతులుగారు మంత్రాలు కూడా పెదవి దాటనివ్వరు. తెల్లవారుజామున తాళి కట్టేస్తే పక్కవీధికి తెలియదు. మిగతా ఏ ఊళ్ళో అయినా పొలిమేరలోనే సన్నాయి చెప్పేసేది పృథ్వీరాజ్‌కి, వెనక్కి తిరిగిపొమ్మని.

అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకున్నాడు. యమున అతన్ని చూసింది. ఆ పక్కన సుభద్రమ్మని, ఆమె ఒళ్ళో సంచీని చూసింది. ఆమెకి అంతా అర్థమైపోయింది.

అప్పుడు రాణి నోరు తెరిచింది.

"సార్, మేడమ్‌ని మీకిమ్మని అడుగుతామన్నారు కదా?"

చిన్నపిల్ల గొంతే. కాని చీమ చిటుక్కుమంటే వినబడే పెళ్ళింట్లో ఆ మాట ఆఖరి ఆకు దాకా వినబడింది. వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. పెళ్ళికొడుకు తల్లి మొహం చిట్లించింది. యమున మొహం పాలిపోయింది. ఇప్పుడు తనేం మాట్లాడినా ఆమె కాపురం మీద మచ్చ పడుతుందని పృథ్వీరాజ్‌కి తెలుసు. మాట్లాడకపోయినా అంతే.

సుభద్రమ్మ లేచి నిలబడింది.

"నానే అన్నానమ్మా బస్సులో," అంది నవ్వుతూ. "కిందటేడు పండగలో తీసిన ఫోటోలో ఈ పిల్లని సూసేను. ఇంత సక్కని పిల్ల మా ఇంటికొస్తే ఎంత బాగున్ను అనుకున్నాను. పెల్లని తెలీదు. మాకు రాసిపెట్టి లేదు."

పెళ్ళికొడుకు తల్లి మొహం విప్పారింది. "ఆలీసం సేసీసేవొదినా! నా మేనకోడల్ని నానొదులుతానేటి?"

అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పృథ్వీరాజ్ కూడా నవ్వాడు. నవ్వాలి కదా.

సుభద్రమ్మ సంచీలోంచి చీర తీసి, పసుపూ కుంకుమా అడిగి తెప్పించుకుని, యమున చేతుల్లో పెట్టింది. యమున వంగి కాళ్ళకి దండం పెట్టింది, లేవడం ఆలస్యమైంది. పెళ్ళికొడుకు ధనరాజు, ఆమె మేనత్త కొడుకు, పృథ్వీరాజ్ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ బడి పిల్లల గురించి శానా సెప్పింది మాస్టారూ. ఇంత దూరం వచ్చేరు, సంతోషం."

మంచివాడే. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

అక్షింతలు వెయ్యడానికి దగ్గరికెళ్ళినప్పుడు, పక్కనున్న పిల్లల గుసగుసల మధ్య, యమున తల వంచుకునే అడిగింది.

"అమ్మగారు ఎప్పుడొప్పుకున్నారు?"

"మొన్న ఆదివారం."

ఆమె కళ్ళు మూసుకుంది. అతను అక్షింతలు వేశాడు. అవి ఆమె తలమీద పడ్డాయో, నేలమీద పడ్డాయో అతనికి కనబడలేదు.

తిరుగు ప్రయాణంలో ఊరు దాటేదాకా పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. సుభద్రమ్మ ఈసారి కొడుకు పక్కన కూర్చుంది.

"తప్పు నాదిరా," అంది. "కాస్త ముందు ఒప్పుకునుంటే."

"కాదే అమ్మా. అది రమ్మంటూనే ఉంది. నేనే వేళాకోళమాడుతోందనుకున్నాను."

పొలిమేర దాటింది. ఇంక అరవచ్చని పిల్లలకి తెలుసు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న గొంతులన్నీ ఒక్కసారిగా విప్పి అంత్యాక్షరి అందుకున్నారు. ఆ గోలలో పృథ్వీరాజ్ ముందు సీటు కమ్మీకి నుదురానించి, మొదటిసారి, పైకే ఏడ్చాడు.

పాట ఆగింది. రాణి మెడ చాచి చూసింది.

"మామ్మా, సార్‌కేటైంది?"

సుభద్రమ్మ తన పైటకొంగు కొడుకు తలమీద కప్పి, పిల్లల వైపు తిరిగింది.

"ఏటీ కాలేదు. ఆపేసేరేటర్రా? పాడండి. ఇంకా గట్టిగా పాడండి."