పేరు చెప్పని సాక్షి

గోదావరిఖని. కార్మికుల క్వార్టర్ల వెనక, పొయ్యిల బూడిద పారబోసే చోట, సదయ్య శవం తెల్లారి దొరికింది. తల పగిలింది. పక్కన ఇనుప రాడ్.

రాడ్ మెకానిక్ ముజమ్మిల్‌ది. మధ్యాహ్నానికల్లా అతను లాకప్‌లో ఉన్నాడు. తల్లి కుబ్రా బేగం స్టేషన్ మెట్ల మీద కూలబడింది.

మర్నాడు సీఐ తిరుమల సెలవు నుంచి వచ్చింది. కేసు అయిపోయిందన్నాడు ఎస్సై ప్రశాంత్. ఆ మాటంటేనే ఆవిడకు ఒళ్లుమంట.

"సాక్షి?"

"సారవ్వ. సదయ్య పక్క క్వార్టరే. ముజమ్మిల్ కాదంటుంది. మరెవరంటే, తాగినాయన, కొట్టినాయన అంటుంది. స్టేట్‌మెంట్ ఇంగ్లిష్‌లో రాయాలంటే 'హూ' ముందు ఎవరో ఒకరుండాలి కదా మేడమ్. అందుకని 'అన్‌నోన్ పర్సన్' అని పెట్టాను."

తిరుమల భాషాశాస్త్రంలో ఎమ్మే చేసి పోలీసైంది.

"మన భాషకు ఆ 'హూ' అక్కర్లేదు. చేసిన పని ముందొచ్చి మనిషికి అతుక్కుంటుంది. చూసిన మనిషి, కొట్టిన మనిషి. సరే, ఎవరో తెలియదని ఆమె అన్నదా?"

"అనలేదు."

"పిలిపించు."

సారవ్వ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మొన్న సాయంత్రం అక్కడ ఎవరెవరున్నరు?"

"సదన్న. పోశం కాక జల్ది పోయిండు. ముజమ్మిల్ సదన్న బండి బాగుచేస్తుండె. నమాజుకని రాడ్ ఆడ్నే పెట్టి పోయిండు."

"కొట్టింది?"

"డ్యూటీ ఎగ్గొట్టి తాగినాయన."

"ఎందుకు?"

"ఇంతకుముందు తాగి గనిల దిగిండని సదన్న ఆఫీసర్లకు చెప్పిండు. గందుకు."

"పేరు?"

సారవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుమల కుబ్రా బేగంను లోపలికి పిలిచింది. "అమ్మా, సారవ్వ ఇంటాయన పేరేంది?"

"ఎల్లన్న."

"ఎల్లన్న ఆ సాయంత్రం సెకండ్ షిఫ్టులో ఉన్నాడట మేడమ్," అన్నాడు ప్రశాంత్.

"ల్యాంప్ రూమ్‌కు ఫోన్ చెయ్. క్యాప్ ల్యాంప్ తీసుకున్నాడా అడుగు."

తీసుకోలేదు. తలకు దీపం లేకుండా ఎవరూ గనిలోకి దిగరు.

"అందరినీ పేరు పెట్టి చెప్పింది, ఒక్కడిని తప్ప. ఇక్కడి ఆడవాళ్లు నోట పలకని పేరు మొగుడిదే."

"మా ఆవిడ నన్ను పేరు పెట్టే పిలుస్తుంది మేడమ్."

"అందుకే లోపలున్న పిల్లవాడు ఊరికే దెబ్బలు తిన్నాడు."

ముజమ్మిల్ కుంటుకుంటూ బయటికొచ్చాడు. కుబ్రా బేగం కొడుకును పట్టుకుని ఏడ్చింది. తర్వాత సారవ్వ వైపు తిరిగింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు.

"ఆ పేరు ఎందుకడిగిన్రో నాకు తెల్వదు సారవ్వా."

"నా నోట రాలె అక్కా. నువ్వు చెప్పినవ్," అంది సారవ్వ. "ఇగ నన్ను చేసుకున్నాయన ఇంటికి రాడు."