దానయ్య చెయ్యి

"గట్టిగా నొక్కాలి. నెత్తురు ఆగేదాకా చెయ్యి తియ్యకూడదు," అంది డాక్టర్ హిమజ.

తుపాను షెల్టరులో రబ్బరు బొమ్మ తొడలోంచి ఎర్రనీళ్ళు చిమ్ముతున్నాయి. ముసలి దానయ్య చేతులు దానిమీద మేకు దిగ్గొట్టినట్టు నిలిచాయి. ధార ఆగింది.

ఆయన చేతులకున్నవి మామూలు తొడుగులు కావు. ఒక చెయ్యి చేసిన పనిని లోపలి సెన్సార్లు నేర్చుకుని ఊరందరి తొడుగులకూ పంపుతాయి. అవి తొడుక్కున్నవాళ్ళ చేతుల్ని అచ్చం అలాగే కదిలిస్తాయి. సైరన్ మోగితే మణికట్టు దగ్గర బిగుసుకుంటాయి. అది ఆగేదాకా ఊడవు.

"ఇక మీ చేతులే ఊరందరి చేతులు, దానయ్యగారూ!"

దానయ్య మీసం దువ్వాడు. "అయితే ఒక్కడూ ఒట్టి సేతుల్తో ఉండకూడదమ్మా. ఆ సంగతి నాకొదిలెయ్యి."

"ఇప్పుడు వెచ్చటి మనిషి ఒంటిమీద నేర్పాలి. ఎవరు పడుకుంటారు?"

ఎవరూ కదల్లేదు. తుపాను రోజుల్లో దెబ్బతిన్నట్టు పడుకోవడం అపశకునం. చివరికి నూకరాజు నవ్వుతూ వాలాడు.

"రా మావా! నా కాలు నీ సేతికి దొరికింది. కసి తీర్సుకో."

దానయ్య ఆరేసిన కొత్తవలని తొక్కుకుంటూ పోయిన కాలది. తప్పయిందని ఇన్నేళ్ళుగా ఒక్క మాట లేదు. "మళ్ళీ నీ కాలు నాదేదైనా తాకిందా, నరికేత్తాను," అని దానయ్య ఆనాడే పదిమందిలో అన్నాడు.

ఆయన చేతులు ఆ తొడకి జానెడు దూరందాకా వెళ్ళి, నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. మళ్ళీ వెనక్కే. తొడుగుమీద పచ్చదీపం వెలిగింది.

"తప్పు నేర్చుకుంది," అంది హిమజ కంగారుగా. "వచ్చేవారం వచ్చి సరిచేస్తాను."

తుపాను ఆ వచ్చేవారందాకా ఆగలేదు.

షెల్టరు కిటికీ రేకు ఎగిరొచ్చి దానయ్య తొడ చీల్చింది. సైరన్ మోగుతూనే ఉంది. కోడలు పైటకొంగు పట్టుకుని ముందుకొచ్చింది. జానెడు దూరంలో తొడుగులు ఆమె చేతుల్ని గబుక్కున వెనక్కి లాగేశాయి. పక్కవాళ్ళ చేతులూ అంతే. దానయ్య తన చేతినే గాయానికి ఆనించబోయాడు. అదీ దగ్గరికి రాలేదు. ఆ వెనక్కి లాక్కోవడాన్ని ఆయన పోల్చుకున్నాడు.

నూకరాజు చెప్పు విడిచాడు. కాలికి తొడుగు లేదు. గాయంమీదికి పాదం ఎత్తి ఆగాడు.

"ఊ అను మావా. తొక్కేత్తాను. నెత్తురాగుద్ది."

"ఊ అనండి మావా!" కోడలు ఏడుస్తోంది.

పదిమందీ చూస్తున్నారు. నెత్తురు గడప దాటింది. దానయ్య పళ్ళు బిగించుకునే ఉన్నాడు.