స్వరదానానికి ముందు

చివరి వరసదాకా మిరియాల పాలు అందాయో లేదో చూసుకుని కాత్యాయని వేదిక ఎక్కింది. కొత్త విద్యాసంవత్సరం మొదటి రోజున తల్లిదండ్రులకు బడి ఇచ్చే మర్యాద అది. మర్యాద మాట నిజమే, కాదనలేం. కాకపోతే దాని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. జలుబు గొంతుతో గళముద్ర సరిగ్గా పడదు. ఆ తరవాత ఏడాది పొడుగునా, ఆ గొంతుతో పాఠం చెప్పే యంత్రం బోధిక, ముక్కుతో పాఠాలు చెబుతూ కూర్చుంటుంది.

బడి ఇచ్చిన చెవిపూస చెవిలో మెల్లగా గుర్తుచేసింది. ముందు స్వాగతం, తరవాత తల్లిదండ్రులు గొంతు ఇచ్చే స్వరదానం, ఆ తరవాతే హక్కులు.

కాత్యాయనికి ఈ వరస నిద్రలో లేపి అడిగినా వచ్చు. కొత్త దివి బడిలో ఆమె హక్కుల వ్యాఖ్యాత. సముద్రం పాత దివిని మింగేశాక ఈ మెట్టమీద కట్టిన ఊరు ఇది. ఊళ్ళో సగంమంది నాచుమడుల్లో పనిచేస్తారు. పొద్దున్నే పిల్లల్ని బడి గేటు దగ్గర దించి, చీకటిపడ్డాక ఒళ్ళు హూనమై ఇళ్ళకు చేరతారు. అలాంటివాళ్ళకు హక్కులెప్పుడు చెప్పాలంటే, స్వరదానం అయిపోయి అందరూ ఉప్మా పళ్ళేల కోసం లేచి తోసుకుంటున్నప్పుడు చెప్పాలని నియమం. చెప్పారా అంటే చెప్పారు. విన్నారా అంటే, వినడం వాళ్ళ బాధ్యత. చట్టానికి ఎక్కడా చిల్లు పడదు. ఈ పద్ధతిలో ఏదో తిరకాసు ఉందని కాత్యాయనికి చేరిన మొదటి ఏడే అనిపించింది. అనిపించినవన్నీ పట్టించుకుంటే ఉద్యోగాలు చెయ్యలేమని ఊరుకుంది.

ఇవాళ ఆమె అనుమానం నియమాలమీద కాదు, ఎదురుగా కూర్చున్న జనం మీద. ఈసారీ తల్లిదండ్రుల వేషంలో పరిశీలకులు వస్తారని కబురొచ్చింది. అందరిలాగే చంకలో పిల్లతో వస్తారు, కంటతడి పెడతారు, మాటల్లోకి దింపుతారు. వ్యాఖ్యాత వరస తప్పిందో, పట్టేస్తారు. నిరుడు పక్క బడిలో సర్వమంగళ అనే వ్యాఖ్యాత, ఏడుస్తున్న ఒక నాయనమ్మను చూసి మనసు కరిగి, ఒక హక్కు ముందే చెప్పేసింది. ఆ నాయనమ్మ పరిశీలకురాలని సాయంత్రానికల్లా తెలిసింది. సర్వమంగళ ఇప్పుడు నాచు గోదాములో మూటలు కడుతోంది. ఉద్యోగంతోపాటు బడి ఇచ్చిన గదీ పోయింది.

అందుకే కాత్యాయని కళ్ళు ఒక్కో ముఖాన్నీ తడుముతున్నాయి. ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు కూర్చున్నాడు. నాచుమడుల ఊళ్ళో ఇస్త్రీ ఎవరు చేయించుకుంటారు? అతని వెనక ఒకావిడ అవసరానికి మించి నవ్వుతోంది. మూడో వరస చివర కూర్చున్న ఆడమనిషిని చూశాక మాత్రం ఆ ఇద్దరూ కాత్యాయనికి ఆనలేదు. ఆ మనిషి పాల గ్లాసు ముట్టుకోలేదు. పక్కన ఆరేడేళ్ళ పిల్ల, కాలికి కట్టుతో, బొమ్మలా కూర్చుని ఉంది. తల్లి గోళ్ళలో నాచు పసరు ఉంది. పసరు పూసుకు రావడం పెద్ద పనేం కాదు.

కాత్యాయని స్వాగత వాక్యాలు అందుకుంది. లోకంలో పిల్లలకు అమ్మానాన్నల గొంతుకన్నా నమ్మకమైనది లేదనీ, అందుకే ఈ బడిలో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ పాఠం చెప్పేది వాళ్ళ ఇంటి గొంతేననీ, మడుల్లో పనికి వెళ్ళినా మీరు రోజంతా మీ బిడ్డ పక్కనే ఉన్నట్టేననీ చెప్పింది. ఎప్పటిలాగే కొందరు తల్లులు కళ్ళు తుడుచుకున్నారు. ఇక గొంతులు ముద్రించే గది, స్వరకోశం, తలుపు తెరవడమే తరువాయి.

అప్పుడు లేచింది మూడో వరస మనిషి. తన పేరు నాంచారి అనీ, ఒక సంగతి అడగాలనీ అంది. హక్కుల వివరణ తరవాత ఉంటుందని కాత్యాయని నేర్చుకున్న చిరునవ్వుతోనే చెప్పింది. నాంచారి కూర్చోలేదు. తరవాత కాదు, గొంతు ఇవ్వకముందే అడగాలంది.

సరిగ్గా ఆ ‘ముందే’ అన్న మాటే పరిశీలకులు వాడతారు. జనం తలలు తిప్పి చూస్తున్నారు. కాత్యాయని వేదిక దిగి నాంచారి దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, ఏ మడిలో పని, మేస్త్రీ ఎవరు, ఎప్పట్నుంచి అంటూ గుచ్చి గుచ్చి అడిగింది. నాంచారి అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. తడుముకోకపోవడం కూడా అనుమానమే. చివరికి నాంచారికే విసుగొచ్చింది.

"నేనే మడిలో చేస్తే ఏందండి? నా గొంతు మా పిల్లతో ఏం మాట్టాడతందో వినాలని అడిగా. తప్పా?"

ఆ తరవాత ఆమె చెప్పుకొచ్చింది. గగన అని పిల్ల పేరు. ఒకప్పుడు వసపిట్ట. పడుకునేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. బడిలో చేరినప్పట్నుంచీ ఇంట్లో నోరు విప్పడం మానేసింది. అన్నం పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. కాల్లో ఆల్చిప్ప ముక్క దిగి చీము పట్టేదాకా తల్లికి చెప్పలేదు. కుంటుతుంటే పట్టుకుని చూస్తే అప్పుడు బయటపడింది. వైద్యుడు ఇంకాస్త ఆలస్యమైతే కాలు దక్కేది కాదన్నాడట.

కాత్యాయని వంగి, కాలికేమైందని పిల్లను అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు. తల్లిని పట్టుకోలేకపోతే పిల్ల దగ్గరైనా అబద్ధం దొరుకుతుందనుకుందేమో.

"అమ్మకి చెప్పాను," అంది గగన.

"నాకు చెప్పలేదండి," అంది నాంచారి. "ఎప్పుడడిగినా ఇదే మాట. చెప్పాగా అంటది. ఎప్పుడు చెప్పావే అంటే, బళ్ళో అంటది."

కాత్యాయని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పిల్ల ముఖంలో దాపరికం ఏమీ లేదు. నిజం చెప్పిన పిల్లలకుండే తేటదనమే ఉంది. తల్లి ముఖంలోనూ అంతే. ఇద్దరూ నిజమే చెబుతున్నారంటే అబద్ధం మూడోచోట ఉన్నట్టు.

చెవిపూస వరస గుర్తుచేసింది. ఈసారి కొంచెం గట్టిగా.

పరిశీలకులు పిల్లలకు కూడా మాటలు నేర్పించుకొస్తారని సర్వమంగళ చెప్పింది. ఇదీ అలాంటిదే కావచ్చు. కాకపోతే? స్వరదానం అయిపోయిందంటే నిరుటి ముద్ర కొత్త ముద్రలో కలిసిపోతుంది. తన గొంతు బిడ్డతో ఏం మాట్లాడిందో వినడానికి ఇక ఏ తల్లికీ కుదరదు. ఈవిడ దొంగో దొరో తేల్చుకునే దారి తనకు లేదని కాత్యాయనికి అర్థమైంది. తేలకుండానే ఏదో ఒకటి చెయ్యాలి. భయం వేసింది. బాగా వేసింది. ఆ భయంతోనే వేదిక ఎక్కి, హాలంతా వినబడేలా మూడో హక్కు చెప్పేసింది.

"దీన్ని ఆకర్ణన హక్కు అంటారు. నిరుడు మీ గొంతుతో బోధిక మీ బిడ్డతో అన్న ప్రతి మాటా వినే హక్కు మీకుంది. స్వరదానానికి ముందే అడగాలి. తరవాత అడిగితే మిగిలేదేమీ ఉండదు."

వరస తప్పిందని, తప్పు నమోదైందని చెవిపూస చెప్పింది. కాత్యాయని దాన్ని పీకి పాల గ్లాసులో వేసింది.

నాంచారి ఆ హక్కు పేరు చెప్పి, తనకు వినాలని ఉందని మరోసారి అంది. హక్కు పేరెత్తి అడిగాక బోధిక కాదనడానికి వీల్లేదు. గోడలోంచి నాంచారి గొంతు మొదలైంది. నాంచారి గొంతే, కానీ అందులో ఎండ లేదు, అలసట లేదు. కూడికలు చెప్పింది, పద్యం వల్లెవేయించింది. కాలికి ఆల్చిప్ప గుచ్చుకున్న రోజు వినిపించమని కాత్యాయని అడిగింది.

"నొప్పిగా ఉందా తల్లీ? తగ్గిపోద్దిలే," అంది గోడలోని నాంచారి. "ఇంటికెళ్ళాక మళ్ళీ చెప్పబాక. ఇంటికాడ నేను అలిసిపోయి ఉంటాగా. ఏదున్నా ఇక్కడే చెప్పు. ఇక్కడైతే నేనెప్పుడూ తీరిగ్గా ఉంటా."

బోధికకు కక్షేమీ లేదు. పిల్లలు తనతో ఎంత ఎక్కువ మాట్లాడితే పాఠం అంత బాగా పడుతుందని ఎవరో దానికి నేర్పారు. అది నేర్చుకుంది, అంతే. అంతమాత్రాన కాత్యాయనికి తప్పు తనది కాదనిపించలేదు. ఇన్నేళ్ళూ ఈ గోడ ముందు నిలబడి స్వాగతం పలికింది తనే.

గగన ముఖం వెలిగిపోయింది. కట్టు కట్టిన కాలితో కుంటుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి మాటలు మొదలుపెట్టింది. పన్ను కదులుతోందని చెప్పింది. పక్కింటివాళ్ళ పిల్లి గూట్లో పిల్లల్ని పెట్టిందని, వాటిలో ఒకటి కళ్ళు తెరవలేదని చెప్పింది. బోధిక వింటున్నాననీ, ఇంకా చెప్పమనీ ముద్దుగా అంటోంది. ఇంట్లో నెలల తరబడి దాచిన వాగుడంతా ఆ గోడకు ధారపోస్తోంది పిల్ల.

నాంచారి వెనక నిలబడి పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. భుజం పట్టుకుని మళ్ళీ పిలిచింది.

"ఉండు," అంది గగన చెయ్యి విదిలించుకుని. "అమ్మతో మాట్టాడతన్నా."

నాంచారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా కాత్యాయని తట్టుకునేదేమో. వేదిక పక్క గోడకు, నిప్పంటుకుంటే తప్ప ముట్టకూడని ఎర్రమీట ఒకటి ఉంది. కాత్యాయని వెళ్ళి దాన్ని కిందికి లాగింది. గోడలో గొంతు సగం మాటలో ఆగింది. హాల్లోనే కాదు, బడి మొత్తంలో బోధికలన్నీ మూగబోయాయి. స్వరకోశం మీద పచ్చదీపం ఆరిపోయింది.

ఇస్త్రీ చొక్కా మనిషి లేచాడు. అతని కాళ్ళకు చుట్టుకుని ఒక పిల్లాడున్నాడు. తన గొంతు కూడా వినాలని అతనన్నాడు. అవసరానికి మించి నవ్విన ఆవిడ ఇప్పుడు నవ్వడం లేదు, ఆవిడా అదే అంది. ఆ వెనక ఇంకెవరో, ఇంకెవరో. వీళ్ళలో పరిశీలకులెవరో కాత్యాయనికి తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ముందు పిల్లల్ని బయట కూర్చోబెట్టి రండి, ఆ తరవాత మీట ఎత్తి ఒక్కొక్కరిదీ వినిపిస్తానని చెప్పింది. స్వరకోశం వైపు ఒక్కరూ కదల్లేదు.

గగన గోడను చేత్తో తట్టింది. రెండుసార్లు అమ్మా అని పిలిచింది. జవాబు రాలేదు. నాంచారి అక్కడే నేలమీద కూలబడి, పిల్ల ఎత్తుకు ముఖం దించింది. గగన చాలాసేపు ఆ ముఖాన్ని చూసింది. కళ్ళకింద నల్లటి చారలు, ఉప్పు పేరుకున్న జుట్టు.

"నువ్వు అలిసిపోయి ఉన్నావుగా," అంది అనుమానంగా.

"అవునమ్మా, అలిసిపోయా," అంది నాంచారి. "అయినా చెప్పు."